మదనపల్లె నుంచి చెన్నై టమాట లోడు, పదేండ్లు ఉంచుకునే పికప్ ఏది తీసుకోవాల?

టమాట_మండీ
అన్నా నమస్తే. మాది మదనపల్లె పక్కన పల్లె. ఇన్నాళ్లూ మండీకి, అప్పుడప్పుడు చెన్నైకి బాడుగ బండ్లే పెట్టుకుంటా వచ్చినాం, మాదీ మా చిన్నాయనోళ్లదీ కలిపితే సీజన్లో బాడుగలకే శానా పోతా ఉండాది, అందుకని సొంతానికి ఒక పికప్ తీసుకుందామని. సీజన్ లేనప్పుడు ఎరువులు, దాణా, ఊర్లోవాళ్ల బాడుగలు తోలుకుంటాం. నాకు కావాల్సింది ఒకటే, కిస్తీలు అయిపోయినాక కూడా సతాయించకుండా తిరగాల, పదేండ్లన్నా ఉంచుకోవాల. బొలెరో పికప్, టాటా యోధ, ఇంట్రా వీ50, అశోక్ లేలాండ్ దోస్త్ చూసినా. ఇసుజు డీమ్యాక్స్ మన శ్రీసిటీలోనే తయారైతాది కదా, దాని గురించి ఎవురూ చెప్పరేం? లోడు టన్నున్నర దాకా ఉంటాది, భాకరాపేట ఘాట్ మీద పోవాల. షోరూమోళ్లు ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తా ఉండారు. వాడినోళ్లు చెప్పండన్నా.

కమాన్_కట్ట
ముందు కంపెనీ పేర్లు పక్కన పెట్టి లోడు లెక్క వేసుకోండి బ్రదర్. బాక్సుకి పాతిక కిలోలు అనుకున్నా 60 బాక్సులకే టన్నున్నర అయిపోయింది, ఖాళీ బాక్సుల బరువు వేరే, పట్టా, తాళ్లు, పక్కన కూర్చునే మనిషి. పైగా షోరూంలో చెప్పే పేలోడ్ (బండి మోయగల లోడు) కంపెనీ తొట్టితో లెక్క, మీరు బయట షెడ్డులో బాడీ ఎత్తు పెంచి ఇనప ఫ్రేము వేయిస్తే ఆ బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది, ఇది ఎవరూ చెప్పరు. అలాంటప్పుడు 1.3 టన్ను బండి కొంటే రోజూ ఓవర్‌లోడే.

ఇంట్రా వీ50 మంచి బండే, కానీ దాని పేలోడ్ సరిగ్గా 1500 కిలోలు, మీ లోడు అంచు మీద ఉంది. దోస్త్ 1.5 లీటర్ మూడు సిలిండర్ల ఇంజన్, మైలేజీకి, టౌన్ తిరుగుడుకి బాగుంటుంది, ఈ లోడుతో పదేళ్లు ఘాట్ ఎక్కించడానికి నేనైతే తీసుకోను. మీరు చూడాల్సింది బొలెరో 1.7 టన్ను, బొలెరో మ్యాక్స్‌లో పెద్దవి, యోధ 2.0, ఇంట్రా వీ70. పెద్ద బండి కొని తక్కువ లోడు వేసినోడి బండే పదేళ్లు ఉంటుంది. నేను చూసినంతలో పికప్పులు ఇంజన్ పోయి మూలపడేవి తక్కువండీ, కమాన్లు (తొట్టి కింది స్ప్రింగు పట్టీలు) విరగడం, హబ్ బేరింగులు, క్లచ్ ప్లేట్ కాలిపోవడం, ఛాసిస్‌కి పగుళ్లు రావడం, ఇవన్నీ ఓవర్‌లోడు పుణ్యమే.

వంటిమామిడి_లోడు
పైన అన్న చెప్పింది కరెక్టే గని అసలు ముచ్చట వేరే ఉన్నది. నువ్వు తిరిగే లైన్ల ఆ బండిని విప్పి పెట్టేటోడు ఉన్నడా లేడా అది చూడు తమ్మీ. నా దగ్గర ఇంతకుముందు ఒక కంపెనీ బండి ఉండె, పేరెందుకు తియ్, ఒక్క సెన్సార్ పోతే సామాను పైనుంచి రావాలె అన్నరు, మంచి సీజన్ల బండి షెడ్డుల నిలబడ్డది, కిస్తీ మాత్రం నిలబడలే. గందుకే ఇప్పుడు బొలెరో నడుపుతున్న. గదేదో ఆకాశంల నుంచి దిగిన బండి అని కాదు, ఏ మండలంల ఆగినా దాని సామాను దొరుకుతది, అమ్మినా రేటు వస్తది.

ఇంకోటి, 2020 ఏప్రిల్ నుంచి వచ్చినయ్ అన్నీ బీఎస్6 (కొత్త పొగ రూలు) బండ్లే, డీజిల్ బండ్లల్ల పొగను కొంత మళ్ల ఇంజన్లకు పంపే ఈజీఆర్, డీపీఎఫ్ అని సైలెన్సర్ లైన్ల మసి పట్టే ఫిల్టర్ ఉంటయ్. రోజూ పొలం నుంచి మండీకి నాలుగు కిలోమీటర్లు తిప్పి ఆపితే ఆ ఫిల్టర్ల మసి పేరుకుంటది, లైట్ వెలుగుతది. లైట్ వచ్చినంక కూడా గట్లనే నడిపితే మస్తు ఖర్చు. వారంల ఒక్కసారన్న హైవే మీద మంచిగ వేడెక్కేదాక నడపాలె, నీకు చెన్నై లైన్ ఉన్నది గాబట్టి పర్వాలే. ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన గ్రేడే పొయ్యాలె, ఏదో సస్తాగ వస్తుందని పాత బండ్ల ఆయిల్ పోస్తే ఫిల్టర్ ఖతం. డీజిల్ ఒకే బంకుల పోయించు, ఇంజెక్టర్లు పోతే నొప్పి ఏందో తెలుస్తది.

డల్లాస్_బావ
రిలయబుల్ అంటే టయోటానే కదండీ, హైలక్స్ చూడొచ్చుగా? ఇక్కడ అమెరికాలో హైలక్స్ అమ్మరు గానీ టయోటాదే ఇంకో పికప్, టకోమాలు 3 లక్షల మైళ్లు తిరిగినవి కూడా రోడ్డు మీద కనిపిస్తాయి.

కమాన్_కట్ట
@డల్లాస్_బావ బావగారూ, హైలక్స్ 2022లో మన దగ్గరికి వచ్చింది, 2.8 లీటర్ ఇంజన్, 4x4, బండికి వంక పెట్టడానికి లేదు, రేటు మాత్రం మిగతా వాటికంటే చాలా ఎక్కువ. నాలుగు డోర్లు, వెనక చిన్న తొట్టి, టమాట బాక్సులు ఎన్ని పడతాయి చెప్పండి 😄

ఇసుజు అడిగారుగా, శ్రీసిటీ ప్లాంటు 2016లో మొదలైంది, లోడు కోసం వచ్చే రెగ్యులర్ క్యాబ్‌లో 2.5 లీటర్ ఇంజన్, పాత తరం డిజైనే, మొండి ఇంజన్. గట్టి బండే. రేటు మిగతా వాటికంటే ఎక్కువ, వర్క్‌షాపులు పెద్ద ఊళ్లలోనే. తిరుపతి, చెన్నై మీ దారిలోనే కాబట్టి మీరు ఆలోచించొచ్చు, మారుమూల తిరిగేవాళ్లకి నేను చెప్పను.

ఆర్టీవో_గేటు_టీకొట్టు
అందరూ బండి గురించి చెప్పారు, కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. జీవీడబ్ల్యూ అంటే బండి, లోడు అన్నీ కలిపిన బరువు, అది 3000 కిలోలు దాటకపోతే గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. 1.7 టన్ను క్లాసు బండ్లు ఆ గీత దాటేస్తాయి, అప్పుడు మీరు తమిళనాడు వెళ్లాలంటే పర్మిట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. చాలామంది చిన్న బండి కొనేది ఇందుకే, కొని టన్నున్నర వేసేదీ వాళ్లే. దొరికితే చట్టం ప్రకారం ఓవర్‌లోడు ఫైను 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2 వేలు, దింపే ఖర్చు మీదే. ఎండలో టమాట దింపి ఇంకో బండికి ఎక్కించేసరికి అందులో ఏం మిగులుతుంది?

లైసెన్సు భయం అక్కర్లేదు, 7500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ (కారుకిచ్చే లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు చాలని 2024 నవంబర్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) మాత్రం ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాది. పదేళ్లు ఉంచుకుంటానన్నావు కాబట్టి చివర్లో ఆ ఖర్చు గుర్తుపెట్టుకో.

టమాట_మండీ
అందరికీ థాంక్సన్నా, పర్మిట్ సంగతి నిజంగా తెలీదు. అయితే బొలెరో 1.7, యోధ ఈ రెండిట్లో ఒకటి అనుకుంటా ఉండా. మా నాయన మాత్రం డీపీఎఫ్ గోల లేని పాత బీఎస్4 బండి సెకండ్ హ్యాండ్ తీసుకో, సగం డబ్బులు మిగుల్తాయి అంటాడు. మా చిన్నాయన కొడుకేమో సీఎన్‌జీ అంటాడు 🤦

కమాన్_కట్ట
సీఎన్‌జీ టౌన్లో తిప్పుకునే వాళ్లకి ఓకే, లోడుతో ఘాట్ ఎక్కడానికి డీజిల్ లాగినట్టు లాగదు, సీజన్లో బంకు దగ్గర లైన్లో నిలబడే టైం ఉందా మీకు? సిలిండర్‌కి మూడేళ్లకోసారి టెస్ట్ కూడా.

యోధ అయితే 2.2 లీటర్, 100 హార్స్‌పవర్, ఘాట్‌లో హాయిగా ఉంటుంది. బొలెరో 2.5 లీటర్, పవర్ తక్కువే, మెల్లగా లాగుతుంది కానీ లాగుతుంది. ఎలాగూ 80 దగ్గర స్పీడ్ లిమిటర్ ఆపేస్తుంది, పవర్ చూసి కాకుండా మీ మెకానిక్‌ని అడిగి తీసుకోండి. రెండూ లోడేసిన బండి అడిగి ఘాట్‌లో తోలి చూడండి, ఖాళీ బండి టెస్ట్ డ్రైవ్ దండగ.

వంటిమామిడి_లోడు
మీ నాయన చెప్పింది తప్పేం కాదు తమ్మీ, గని బీఎస్4 అంటే 2020కి ముందుది, నువ్వు కిస్తీలు కట్టేలోపే ఏడాదికోసారి ఎఫ్‌సీకి వస్తది, నీ పదేండ్ల లెక్క అండ్ల కుదరదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, కొత్తదాని రేటు ఒకసారి మళ్ల అడుగు. అయినా పాతదే అంటే ఇసుక, కంకర తోలిన బండి జోలికి పోకు. తొట్టి కింద పండుకొని టార్చ్ ఏసి ఛాసిస్ చూడు, కమాన్ బ్రాకెట్ల కాడ కొత్త పెయింట్ కనవడితే కింద వెల్డింగ్ ఉన్నట్టే.