ఆన్‌లైన్‌ల పాత లేత్ మెషిన్, అమ్మేటోడు నిజమైనోడేనా ఎట్ల తెల్సుకోవాలె?

అన్నా, నేను మా తమ్ముడు జీడిమెట్లల చిన్న షెడ్డు పెట్టినం, ఆరడుగుల సెకండ్ హ్యాండ్ లేత్ (ఇనుప ముక్కను తిప్పుకుంట చెక్కే మెషిన్) కోసం రెండు నెలల సంది తిరుగుతున్నం. బాలానగర్‌ల లక్షా అరవై వేలకు తక్కువ ఎవ్వరూ చెప్తలేరు, ఆన్‌లైన్‌ల ఒకాయన 85 వేలకే పెట్టిండు, మెషిన్ రాజ్‌కోట్‌ల ఉందంట, 10 వేలు అడ్వాన్స్ కొడితే రేపే లారీ ఎక్కిస్తా అంటుండు. ఫోటోలు పెద్దగ చేసి చూస్తే ఒకదాంట్ల త్రీ జా చక్ (ముక్కను పట్టుకునే మూడు దవడల పట్టు), ఇంకోదాంట్ల ఫోర్ జా, అంటే నాలుగు దవడలది. సరే చక్ అంటే మార్చొచ్చు, కానీ కింద నేల గూడ వేరేగ ఉంది, ఒకచోట బండలు ఒకచోట సిమెంటు. జీఎస్టీ నంబర్ అడిగితే 07తో మొదలయ్యేది పంపిండు, అది ఢిల్లీ కోడ్, గుజరాత్‌ది 24 కదా. వీడియో కాల్‌ల స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) తిప్పి చూపియ్యమంటే కరెంట్ లేదంటడు, మూడు రోజుల నుంచి ఇదే మాట. తమ్ముడేమో ఇంత చవకగ మళ్ల దొరకదు కొట్టేద్దాం అంటుండు, కానీ ఆ 10 వేలు మా అమ్మ చీటీ ఎత్తిన డబ్బులు, నాకు చెయ్యి వస్తలేదు. రాజ్‌కోట్‌ల మన తరఫున పోయి బెడ్ (మెషిన్ కింద ఉండే పొడుగు పట్టాల భాగం) ఎంత అరిగిందో చూసి చెప్పేటోళ్లు ఎవరన్న ఉంటరా? ఇట్ల దూరం నుంచి కొన్నోళ్లు పైసలు కట్టే ముందు ఏమేం అడిగిన్రో జర చెప్పుండ్రి అన్నా.