అమ్మాయికి మొదటి కారు: మూడు పాత బండ్లలో ఏది?

ప్రశ్న | ఇద్దరు పిల్లల అమ్మ

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఈ మధ్యే పద్దెనిమిది నిండాయి, లైసెన్సు వచ్చింది. కాలేజీకి రెండు బస్సులు మారాలి. ల్యాబ్ ఉన్న రోజు ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడుతోంది. కారు అవసరమేనని మేమూ ఒప్పుకున్నాం. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి సెకండ్‌హ్యాండే.

మా ముందు మూడు బండ్లున్నాయి. మా మరిది తన చిన్న కారు ఇచ్చేస్తానంటున్నాడు. పదకొండేళ్లది, దాదాపు ఊరికే ఇస్తున్నట్టే. నేను నడిపి చూశాను, ఇంజను బాగుంది. రెండోది మా వారి స్నేహితుడి దగ్గరున్న బాగా పాత పెద్ద కారు. "ఆ కాలపు ఇనుము, ఏది గుద్దినా చెక్కు చెదరదు" అని మా వారి నమ్మకం. మూడోది అమ్మాయి చూపించిన ఏడేళ్ల సెడాన్. మిగతా రెండూ కలిపినా దాని ఖరీదే ఎక్కువ, కొంటే చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

నా భయం ఒకటి చెప్పాలి. నేను నేర్చుకున్న మొదటి ఏడాది, వాన పడి వెలిసిన రోడ్డు మీద మలుపులో బండి నా చేతిలోంచి జారిపోయింది. స్టీరింగ్ ఒక వైపు తిప్పుతుంటే బండి ఇంకో వైపు పోయింది. కాలవ గట్టు అంచున ఆగింది. పక్కన కూర్చున్న మా నాన్న ఒక్క మాట అనలేదు గానీ ఆయన చేతులు వణకడం నాకింకా గుర్తుంది. మా అమ్మాయి పక్కన ఎవరూ ఉండరు. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఈ మూడింటిలో ఏది?

జవాబు | షెడ్డు మేస్త్రి

అమ్మా, ఇరవై రెండేళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తున్నాను. గుద్దుకున్న బండ్లే నా పని. ముందు మీవారి మాట గురించి చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామంది నమ్మకం అదే.

2009లో అమెరికాలో కార్ల భద్రతను పరీక్షించే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ తన యాభై ఏళ్ల సందర్భంగా ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 షెవర్లే మాలిబూనీ ఎదురెదురుగా, ముందు భాగంలో ఒక పక్క తగిలేట్టు గుద్దించారు. రెండూ గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగం. పాత బండిలో డ్రైవరు కూర్చునే చోటే కుప్పకూలింది, స్టీరింగ్ డ్రైవరు బదులు కూర్చోబెట్టిన బొమ్మ మీదికి వచ్చేసింది. కొత్తదాంట్లో ముందు భాగం నుజ్జయింది గానీ మనిషి ఉండే గది నిలబడింది. అందులో మనిషే ఉంటే కాలికి చిన్న దెబ్బతో బయటపడేవాడు.

ఇనుము చెక్కు చెదరకపోవడం మంచిది కాదమ్మా. బానెట్ నలగాలి. అది నలిగేటప్పుడు దెబ్బ జోరును తింటుంది. నలగని బండిలో ఆ జోరంతా లోపలి మనిషికే చేరుతుంది. కాబట్టి ఆ పెద్ద కారును పక్కన పెట్టేయండి.

మీ మరిదిగారి కారు సంగతి. చిన్న బండి, పెద్ద బండి ఢీకొంటే తేలికదానికే ఎక్కువ కుదుపు, అది లెక్క, తప్పించలేం. బరువు ఒక్కటే అయితే సర్దుకోమనేవాణ్ణి. అసలు అడగాల్సింది వేరే ఉంది: అందులో ఈఎస్‌సీ, అంటే బండి జారిపోకుండా పట్టుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు, ఉందా? మీ బండి జారిన ఆ రోజు మీకు కావాల్సింది అదే. స్టీరింగ్ ఎటు తిప్పారు, బండి నిజంగా ఎటు తిరుగుతోంది అన్నది అది ఎప్పటికప్పుడు పోల్చి చూస్తూనే ఉంటుంది. రెండిటికీ పొంతన కుదరకపోతే అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలోకి లాగుతుంది. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా ఆ పని చేయలేడు, కాలి కింద నాలుగు చక్రాలకీ కలిపి ఉన్నది ఒకటే బ్రేకు పెడల్ కదా. కొత్తగా నడిపేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు బండిలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. అమెరికాలో 2012 మోడల్ నుంచీ, యూరప్‌లో 2014 నవంబరు నుంచీ కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి చేశారు. మిగతా చోట్ల ఒకే మోడల్‌లో పై వేరియంట్‌కి ఇచ్చి కింది వేరియంట్‌కి ఎగ్గొట్టినవి చాలా ఉన్నాయి. అందుకే సెడాన్ అని మురిసిపోకుండా ఆ బండిలోనే చూడండి.

చూడడం తేలిక. తాళం తిప్పండి, ఇంజను స్టార్ట్ చేయకండి. మీటర్ల దగ్గర కారు బొమ్మ, దాని వెనక వంకర టింకర గీతలు ఉన్న లైటు వెలగాలి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఈఎస్‌సీ లేదు, లేదా లైటు తీసేశారు. ఆరకపోతే లోపం ఉంది.

ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా అంతే. ఇక్కడ మోసం జరుగుతుంది, జాగ్రత్త. ఒకసారి విచ్చుకున్న ఎయిర్‌బ్యాగ్ మళ్లీ పనికిరాదు, కొత్తది ఖరీదు. కొందరు ఖాళీ గూటి మీద మూత బిగించి, దాని లైటు తీగను పక్క లైటుకు కలిపేస్తారు. రెండు లైట్లూ సరిగ్గా ఒకేసారి ఆరితే నాకు అనుమానం వస్తుంది. నమ్మకమైన మెకానిక్‌తో బండి కంప్యూటర్‌లో తప్పులు చదివే స్కానర్ పెట్టించి చూడండి, లిఫ్ట్ మీద ఎక్కించి కింద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో చూడమనండి. దానికయ్యే ఖర్చుకు వెనకాడొద్దు.

జవాబు | రాత్రి బడి నాన్న

మేస్త్రిగారు బండి సంగతి బాగా చెప్పారు, నేను పిల్లల సంగతి చెప్తాను. మా వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు మంచి కారే ఇచ్చాను, ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, అన్నీ ఉన్నాయి. మూడో వారంలో నలుగురు స్నేహితులను ఎక్కించుకుని రాత్రి పదకొండింటికి వస్తూ డివైడర్‌కి కొట్టాడు. ముందు సీట్లలో ఇద్దరికీ ఏమీ కాలేదు. వెనకాల బెల్టు పెట్టుకోని పిల్లవాడికి భుజం విరిగింది. వాళ్ల అమ్మగారి ముందు నిలబడిన ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. ఆ రోజు వరకూ వెనక బెల్టు గురించి ఇంట్లో ఒక్కసారీ మాట్లాడలేదు, ఆ తప్పు నాదే.

స్నేహితులు ఎక్కితే, చీకటి పడితే కొత్త డ్రైవర్లకు ప్రమాదం పెరుగుతుంది. న్యూజిలాండ్‌లో 1987లోనే కొత్తవాళ్లకు మెట్లు మెట్లుగా లైసెన్సు ఇచ్చే పద్ధతి పెట్టారు, మొదట్లో రాత్రి వేళ, తోటి ప్రయాణికుల విషయంలో ఆంక్షలతో. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఇంట్లో పెట్టుకోవచ్చు. మొదటి ఆరు నెలలు స్నేహితులు వద్దు అని చెప్పండి. ల్యాబ్ ఉన్న రోజు చీకట్లో తప్పదంటున్నారు కాబట్టి, ఆ దారిలో ముందు మీరు పక్కన కూర్చుని ఓ పది పదిహేను సార్లు తిప్పించండి.

ఇంకోటి, వేగం. 60లో పోయే బండికన్నా 80లో పోయేదానికి దెబ్బ జోరు దాదాపు 1.8 రెట్లు. ఇంజను బలం తక్కువున్న బండినే ఎంచుకోండి.

జవాబు | డ్రైవింగ్ నేర్పే అక్క

టైర్ల గురించి ఎవరూ అనలేదు. పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాళ్లు లోతుగా ఉన్నా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, తడిలో పట్టు పోతుంది. మరో మాట. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు బ్రేకు పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. తెలియని పిల్లలు భయపడి కాలు తీసేస్తారు. ఖాళీ మైదానంలో ముందే గట్టిగా తొక్కించి ఆ దడ అలవాటు చేయండి. అమ్మాయిని సీట్లో కూర్చోబెట్టి చూడకుండా బేరం కుదుర్చుకోకండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి, తల వెనక దిండు చెవుల కన్నా పైకి రావాలి.

ప్రశ్న అడిగినవారు | ఇద్దరు పిల్లల అమ్మ

ముగ్గురికీ చేతులెత్తి దండం. నిన్న మేమందరం వెళ్లి చూశాం. మరిది కారులో ఆ గీతల లైటు అసలు లేదు, ఎయిర్‌బ్యాగులు ముందు రెండే. అతనితో ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే సెడాన్ చూడడానికి మాతో వచ్చాడు, అది నాకు చాలా ఊరట.

సెడాన్‌లో లైటు వెలిగింది, ఆరింది. ఎయిర్‌బ్యాగ్ లైటు వేరేగా, ఇంకొంచెం ఆలస్యంగా ఆరింది. మెకానిక్ స్కానర్‌లో తప్పులేవీ రాలేదు, కింద అతుకులూ లేవు. టైరు మీది అంకెలు మా అమ్మాయే ఫోన్ వెలుగులో చదివింది. నాలుగూ బండితో వచ్చినవే, ఏడేళ్లవి. మా వారు అదే చూపించి నాలుగు కొత్త టైర్ల ఖరీదు తగ్గించమన్నారు, అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. బెల్ ఎయిర్ పరీక్ష సంగతి చదివి వినిపించాక పాత పెద్ద కారు ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు.

స్నేహితుల సంగతి మాత్రం ఇంట్లో తెగలేదు. ఆరు నెలలు చాలా ఎక్కువంటోంది అమ్మాయి, నాలుగు నెలల దగ్గర నిలబడింది. వెనక సీటు బెల్టు పెట్టుకోకపోతే బండి కదలదన్న మాటకు మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానానికి వెళ్తున్నాం, బ్రేకు పెడల్ దడ ఎలా ఉంటుందో ముందు నేను తొక్కి చూసి తర్వాత దానికి ఇస్తాను.