నేలవేము సారానికి ప్లేటు మీద వలయం వచ్చిందట. రొయ్యల చెరువులో నమ్మొచ్చా?

భీమవరం రైతు:
మందుల షాపులో నేలవేము, వేప సారం కలిపిన సీసా అమ్ముతున్నారండి. విబ్రియో (రొయ్యలకు జబ్బు తెచ్చే బాక్టీరియా) పెంచిన ల్యాబ్ ప్లేటు ఫోటో చూపించి, సారంలో తడిపిన కాగితం డిస్కు చుట్టూ బాక్టీరియా లేకుండా వలయం వచ్చింది, చెరువులో పోసేయమంటున్నారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు ఎలాగూ నిషేధం. అవశేషాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. ఇక మనకు మొక్కలే కదా దారి?

కాకినాడ ల్యాబ్:
అన్నా, ఆ ఫోటో చూసి డబ్బు పెట్టొద్దు. సారాన్ని మిథనాల్‌లో తీసి సరిగా ఆరనివ్వకపోతే ఆ మిథనాలే బాక్టీరియాను చంపుతుంది. పక్కన వట్టి మిథనాల్ డిస్కు పెట్టారా? పైగా పెద్ద వలయం వస్తే బలమైన మందని కాదు. ప్లేటులోని జెల్లీ, అంటే అగర్‌లో తేలిగ్గా పాకేదానికి పెద్దది, జిడ్డుగా ఉండేదానికి చిన్నది వస్తుంది. అడగాల్సింది ఎమ్‌ఐసీ, అంటే బాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు. ముడి సారాలకు అది మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండటం మామూలే. ఎకరం చెరువులో నాలుగడుగుల నీరంటే సుమారు 49 లక్షల లీటర్లు. లీటరుకు గ్రాము చొప్పున దాదాపు 5 టన్నుల సారం కావాలి. ఆ సీసాలో ఎంతుంది?

కడియం మూలికలు:
నీళ్లలో పోయడం దండగే, ఒప్పుకుంటా. మేతకు పట్టిస్తే? పేగులో మోతాదు లెక్క వేరు. ఇంకోటి, ఒక్క పదార్థాన్నే విడదీసి చూస్తే మొక్క బలం తెలియదు. బెర్బెరిస్ మొక్కల్లోని బాక్టీరియాను చంపే బెర్బెరిన్‌ను స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా తన కణంలోని పంపుతో బయటికి తోడేస్తుంది. అదే మొక్కలోని మరో పదార్థం ఆ పంపును అడ్డుకుంటుందని 2000లోనే తేలింది.

కాకినాడ ల్యాబ్:
అది తేలిందీ పరీక్ష పెట్టాకే కదండీ. మేత మాట న్యాయమైనదే, కానీ దానికి ప్లేటు చాలదు. సగం తొట్లలో సారం పట్టించిన మేత, మిగతా వాటిలో వట్టి బైండర్ (మేతకు సారాన్ని అంటించే జిగురు) పట్టించిన మేత వేసి, అన్నిటికీ విబ్రియో ఎక్కించి ఎన్ని రొయ్యలు బతికాయో లెక్కపెట్టాలి. అదేమీ చేయకుండా సీసాలు అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

భీమవరం రైతు:
పక్క చెరువాయన వైట్ స్పాట్ జబ్బుకీ ఇదే పోశాడు.

కాకినాడ ల్యాబ్:
వైట్ స్పాట్ వైరస్ అన్నా. బాక్టీరియా ప్లేటుకీ దానికీ సంబంధమే లేదు.

భీమవరం రైతు:
సరే, ఎమ్‌ఐసీ చెప్పకపోతే సీసా కొనను. మా నీళ్లు పరీక్షిస్తే ప్లేటు మీద గ్రీన్ కాలనీలు, అంటే ఒక రకం విబ్రియో, ఎక్కువున్నాయన్నారు. ఈలోగా ఏం చేయను?

కాకినాడ ల్యాబ్:
చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగులుతుంటే వెంటనే తగ్గించండి. అడుగు మురికి తోడించండి. రాత్రిపూట ఏరేటర్లు ఆపొద్దు.

కడియం మూలికలు:
తొట్లలో పరీక్ష పెట్టేవాళ్లుంటే చెప్పండి, నేలవేము నేనిస్తా.