ట్రైలర్ లాగాలి, కొండ ట్రెయిల్స్ ఎక్కాలి: ఒకే బండితో కుదురుతుందా?

ఫ్రిస్కో కుర్రాడు

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరు పిల్లలు. ఇన్నాళ్లూ మినీవ్యాన్‌తో నెట్టుకొచ్చాం. ఇప్పుడు 19 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి చూశాం, సామానుతో కలిపి 4,500 పౌండ్లు తూగుతుంది. వేసవిలో దాన్ని కొలరాడోలోని యూరే దాకా లాక్కెళ్లి, క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టేసి, అక్కణ్నుంచి ఇమోజీన్ పాస్, ఇంజనీర్ పాస్ అనే ఎత్తైన కొండ దారులు ఎక్కాలని ప్లాన్. రోజూ ఆఫీసుకు వెళ్లడానికీ ఇదే బండి.

చూస్తున్నవి: నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ రూబికాన్, జీప్ వాళ్లదే పికప్ గ్లాడియేటర్, కొత్త టొయోటా ఫోర్‌రన్నర్, సెకండ్ హ్యాండ్ లెక్సస్ జీఎక్స్ 460. నా మనసు రూబికాన్ మీద ఉంది. 2024 నుంచి దాని టోయింగ్, అంటే లాగగల బరువు, 5,000 పౌండ్లకు పెంచారు, నా ట్రైలర్ 4,500. సరిపోతుంది కదా? మా ఆవిడ మాత్రం "నీకు కావాల్సింది బండా, బొమ్మా?" అంటోంది.

టైరు బాబాయ్

తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు, రూబికాన్ తీసుకో. ముందూ వెనకా లాకర్లు, బటన్ నొక్కితే విడిపోయి చక్రాలను స్వేచ్ఛగా పైకీ కిందికీ ఆడనిచ్చే స్వే బార్, రాళ్లలో మెల్లగా బలంగా పాకడానికి 4:1 లో రేంజ్ గేర్లు, 33 అంగుళాల టైర్లు, అన్నీ కంపెనీ నుంచే వస్తాయి. వేరే బండి కొంటే వీటిలో సగం తర్వాత జేబులోంచి పెట్టి వేయించుకోవాలి, పైగా వారంటీతో తలనొప్పి.

రాళ్లలో ఒక చక్రం గాల్లోకి లేచి ఊరికే తిరుగుతుంటుంది చూడు, అప్పుడు లాకర్ నొక్కాలి. ఆ యాక్సిల్ మీది రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి, నేల మీదున్నదానికి పట్టు దొరుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి నింపాదిగా పైకి వచ్చేస్తుంది. అది ఒక్కసారి చూసినవాడు వేరే బండి అడగడు. టోయింగ్ అంటావా, 5,000లో 4,500 పోతే ఇంకా 500 మిగులు. లెక్క అయిపోయింది.

పేలోడ్ పంతులు

బాబాయ్ గారూ, లెక్క అవ్వలేదు, ఇప్పుడే మొదలైంది.

కుర్రాడు గారూ, బ్రోషర్‌లోని టోయింగ్ అంకెను కాసేపు పక్కన పెట్టండి. అమెరికాలో దాన్ని ఎస్ఏఈ జే2807 అనే పద్ధతిలో తేలుస్తారు. పరీక్ష గట్టిదే. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తును మండుటెండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, ట్రైలర్‌ను లాగుతూ, 40 మైళ్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. కానీ ఆ లెక్కలో బండిలో ఉండేది ఇద్దరే, తలా 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలుండరు, డిక్కీలో కూలర్ ఉండదు, రైస్ కుక్కర్ అసలే ఉండదు.

మీరు చూడాల్సింది డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని పసుపు గీతతో రాసి ఉంటుంది. అదే పేలోడ్. ట్రైలర్ ముక్కు హిచ్ (బండి వెనక ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద మోపే బరువు, అదే టంగ్ వెయిట్, కూడా అందులోంచే పోవాలి. అది ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గించారా, హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది.

మీ 4,500కి 12.5 శాతం వేస్తే దాదాపు 560. బరువును యాక్సిళ్ల మధ్య పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇనుమే ఓ 80. మీరిద్దరూ పిల్లలూ కలిసి 460 అనుకుందాం. కూలరు, జాక్, తాళ్లు, కుర్చీలు 150. మొత్తం 1,250. నేను చూసిన నాలుగు తలుపుల రూబికాన్‌లలో స్టిక్కర్ మీద వెయ్యి దాటినవి తక్కువ. టోయింగ్‌లో 500 మిగిలిందని బాబాయ్ గారన్నారు, పేలోడ్‌లో అంతకంటే ముందే అప్పు పడ్డారు.

ఇంకోటి. జీప్ మాన్యువల్‌లో ట్రైలర్ బరువుతో పాటు దాని ముందు భాగం వైశాల్యానికి కూడా పరిమితి పెట్టారు. ఎనిమిది అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న డబ్బాను గాలికి ఎదురు లాగడం వేరు, అదే బరువున్న పడవను లాగడం వేరు.

టైరు బాబాయ్

పంతులు గారూ, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉన్నదే అందుకు కదా! బరువు సర్దుతుంది. అయినా మా పక్కవీధి ఆయన ఏళ్ల తరబడి జీప్‌తోనే ఇంతకంటే పెద్దది లాగుతున్నాడు, ఏమీ కాలేదు.

పేలోడ్ పంతులు

ఆ హిచ్ వెనక యాక్సిల్ మీది బరువులో కొంత ముందు యాక్సిల్‌కూ, కాస్త ట్రైలర్ చక్రాలకూ పంచుతుంది. స్టీరింగ్ తేలిపోకుండా ఉంటుంది, మంచిదే. కానీ స్టిక్కర్ మీది అంకెను పెంచదు. పక్కవీధి ఆయన సంగతి నాకు తెలీదు. ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఉంటుంది, కొద్ది డాలర్లిస్తే యాక్సిల్ వారీగా తూచి కాగితం చేతిలో పెడతారు. ఆయన్ని ఒక్కసారి ఎక్కించమనండి, తర్వాత మాట్లాడుకుందాం.

డెన్వర్ అల్లుడు

మీరిద్దరూ బరువు దగ్గరే ఆగిపోయారు, ఎత్తు సంగతి ఎవరూ అనట్లేదు. ఎత్తులో గాలి పలచన కాబట్టి, టర్బో (గాలిని లోపలికి నొక్కి పంపేది) లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. ఫ్రిస్కో నుంచి యూరేకి గన్నిసన్ మీదుగా వస్తే మోనార్క్ పాస్ దాటాలి, 11,312 అడుగులు. అక్కడికొచ్చేసరికి రాంగ్లర్ వీ6లోని 285 హార్స్‌పవర్‌లో మూడో వంతు గాలికి పోతుంది. గ్లాడియేటర్‌దీ అదే ఇంజన్. జీఎక్స్ 460 వీ8 అయినా టర్బో లేదు, దానికీ ఇదే గతి, కాకపోతే మొదట్లోనే 301 హార్స్‌పవర్, 329 టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఉంది కాబట్టి కాస్త మెరుగు.

2025 నుంచి వచ్చిన ఫోర్‌రన్నర్‌లో 2.4 లీటర్ల టర్బో. మామూలుది 278 హార్స్‌పవర్, హైబ్రిడ్ అయితే 326, టార్క్ 465. టోయింగ్ 6,000. పాత ఫోర్‌రన్నర్ 5 గేర్ల బండితో పోలిస్తే ఎత్తుల్లో వేరే లోకం. పాతదానికి నమ్మకమైన ఇంజన్ అని పేరుంది, కాదనను, కానీ ట్రైలర్ తగిలించి ఆరు శాతం వాలున్న ఎత్తులో నాలుగో గేరా, మూడో గేరా అని అది తికమకపడుతుంటే వెనక లారీల వరుస చూడలేం.

డ్యురాంగో నుంచి యూరే వచ్చే మిలియన్ డాలర్ హైవే అందంగా ఉంటుందని ఎవరైనా చెబితే ట్రైలర్‌తో మాత్రం రాకండి. రెడ్ మౌంటెన్ పాస్ కింద చాలా చోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు, లోయ నేరుగా కనిపిస్తుంది. మాంట్‌రోజ్ వైపు నుంచి రండి. ట్రైలర్ క్యాంప్‌లో పెట్టాక ఖాళీ బండితో ఆ రోడ్డు తీరిగ్గా చూడొచ్చు.

సియాటిల్ సీత

నేను ట్రైలర్ లాగుతాను, మా ఆయన మ్యాప్ చూస్తారు. అందుకని నడిపే మనిషి వైపు నుంచి రెండు మాటలు.

వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ట్రైలర్ నిలకడగా రావాలంటే లాగే బండి పొడుగ్గా ఉండాలి. ట్రెయిల్ మీద మలుపు తిరగాలన్నా, రాయి మీద పొట్ట ఆనకూడదన్నా పొట్టిగా ఉండాలి. గ్లాడియేటర్ వీల్‌బేస్ 137.3 అంగుళాలు, రాంగ్లర్ 118.4, కొత్త ఫోర్‌రన్నర్ 112.2, జీఎక్స్ 460 109.8. 2020లో వచ్చినప్పుడే గ్లాడియేటర్ మ్యాక్స్ టో ప్యాకేజీతో 7,650 పౌండ్లు లాగగలిగిందంటే ఆ పొడవు కూడా ఒక కారణం. కానీ అదే బండి రాతిమెట్టు మీద మధ్యలో కూర్చుండిపోతుంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఏ కంపెనీ వాడూ రెండూ ఇవ్వలేదు.

టెక్సస్ దాటేలోపే మీకు అసలు పరీక్ష. అమరిల్లో చుట్టుపక్కల పక్కగాలి ఒక్కసారిగా తోస్తుంది, లారీ దాటినప్పుడు ముందు లోపలికి లాగి తర్వాత బయటికి నెడుతుంది. ఎత్తు పెంచి, 35 అంగుళాల మెత్తటి సైడ్‌వాల్ టైర్లు వేసిన బండి అప్పుడు స్టీరింగ్‌లో జెల్లీలా అనిపిస్తుంది. ట్రైలర్ ఊగడం మొదలైతే బండి బ్రేక్ గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలేసి, ట్రైలర్ బ్రేకులు నడపడానికి బండిలో పెట్టించుకునే బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో ట్రైలర్ బ్రేకులు మాత్రమే మెల్లగా వేయాలి. ఆ కంట్రోలర్ బటన్ ఎక్కడుందో చూడకుండా చెయ్యి వెళ్లేలా పెట్టించుకోండి. కొలరాడోలో 3,000 పౌండ్ల నుంచి ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి కూడా.

ఇంకోటి, మీ అమ్మానాన్నలు ఆర్నెల్లకు వస్తారా? మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఎత్తు బండి ఎక్కడానికి తలుపు పైన హ్యాండిల్ పట్టుకుని, ఒక మోకాలు సీటు మీద పెట్టి, "అమ్మా, తల్లీ" అంటూ పైకి లాక్కునేది. రూబికాన్ ఎత్తుకి ఆవిడ ఇంట్లోనే ఉంటానంటుంది.

ఫ్రిస్కో కుర్రాడు

సీత గారూ, అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారు. ఈ మాట మా ఆవిడకు చూపించాను, తప్పు చేశానేమో :)

జీఎక్స్‌లో మూడో వరుస ఉంటుంది కదా, ఆరుగురం పడతాం. ఫోర్‌రన్నర్‌లో కూడా ఉందన్నారు?

డెన్వర్ అల్లుడు

ఫోర్‌రన్నర్‌లో మూడో వరుస కొన్ని మామూలు ఇంజన్ ట్రిమ్‌లకే (అదే బండిలోని రకాలు). హైబ్రిడ్ తీసుకుంటే బ్యాటరీ వెనక కూర్చుంటుంది, మూడో వరుస ఉండదు. ఇక్కడమ్మే కొత్త ల్యాండ్ క్రూజర్‌దీ అదే కథ, రెండు వరుసలే. 460 తర్వాత వచ్చిన కొత్త జీఎక్స్ 550 అయితే 9,000 పౌండ్ల దాకా లాగుతుంది, ధర చూస్తే మన గుండె లాగుతుంది.

ఎర్రమట్టి

ఇంతమంది పెద్దలు ఉన్నారు, ఒక్కరూ అడగట్లేదు: ఏడాదిలో ఎన్ని రోజులు రాళ్లెక్కుతావు తమ్ముడూ? మిగతా రోజులన్నీ టోల్‌వేలో ఆఫీసుకే కదా. యూరేలో, యూటాలో రాళ్ల ట్రెయిల్స్‌కు పేరున్న మోవాబ్‌లో జీప్‌లు రోజు అద్దెకు దొరుకుతాయి. రోజుకు రెండు మూడు వందల డాలర్లు. టైరు పగిలినా, గీతలు పడ్డా నీ ఈఎంఐ బండి కాదు. హాయిగా ఒక ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొనుక్కో, ట్రైలర్ ఉందన్న సంగతే తెలీకుండా లాగుతుంది. ట్రెయిల్‌కు అద్దె రూబికాన్. బాబాయ్‌కీ తృప్తి, పంతులు గారికీ తృప్తి.

టైరు బాబాయ్

అద్దె బండిలో వెళ్లేది ట్రెయిల్‌కా, టూర్‌కా? సొంత బండి గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో, ఏ రాయి దగ్గర ఏ చక్రం పెట్టాలో ఒంటికి తెలియాలి. అది సొంత బండితో తిరిగితేనే వస్తుంది. హైవే దిగి టైర్లలో గాలి 20 పీఎస్‌ఐకి దించుతూ పిల్లలు గేజ్ పట్టుకుని నిలబడతారు చూడు, అది కూడా అద్దెకిస్తారా?

ఇంకో నిజం చెప్పనా, ఇమోజీన్ పాస్ 13,114 అడుగులే గానీ, దానికి రెండు లాకర్లూ అక్కర్లేదు. మంచి టైర్లు, లో రేంజ్, ఎత్తు ఉంటే ఫోర్‌రన్నర్ కూడా ఎక్కుతుంది. రూబికాన్ కావాల్సింది మోవాబ్‌లో. నువ్వు యూరే దగ్గరే ఆగిపోయే రకమైతే పంతులు గారి మాటే విను.

పేలోడ్ పంతులు

బాబాయ్ గారూ, ఈ రోజు తేదీ రాసిపెట్టుకుంటున్నాను.

ఎర్రమట్టి గారి మాటకు నేను సగమే ఒప్పుకుంటా. ఎఫ్-150 లాగుతుంది, నిజమే, దాని స్టిక్కర్ కూడా ట్రిమ్ ట్రిమ్‌కీ మారుతుంది, చూసుకోవాలి. కానీ ఫ్రిస్కోలో రోజూ ఆఫీసు పార్కింగ్‌లో దాన్ని పెట్టేది ఈయన, మనం కాదు.

ఫ్రిస్కో కుర్రాడు

నిన్న సాయంత్రం వెళ్లి స్టిక్కర్లు ఫోటో తీసుకొచ్చాను. డీలర్ లాట్‌లో ఉన్న రూబికాన్ మీద 948 పౌండ్లు. అమ్మే అతన్ని అడిగితే "సార్, అది లీగల్‌గా రాయాలి కాబట్టి రాస్తారు" అన్నాడు. అక్కడే సగం మనసు విరిగింది. వేరే చోట ఒక జీఎక్స్ 460 చూశాను, పన్నెండు వందల పైచిలుకు. అంటే పంతులు గారి 1,250కి అదీ అంచు మీదే, అమ్మానాన్న ఎక్కితే అవుట్. ఫోర్‌రన్నర్ ఇంకా చూడాలి. జీఎక్స్‌కు మైలేజీ గ్యాలన్‌కు 16 అట, ట్రైలర్ లేకుండానే.

పేలోడ్ పంతులు

ఇప్పుడు దారిలోకి వచ్చారు. మీరు మార్చాల్సింది బండి కాకపోవచ్చు, ట్రైలర్. 3,000 పౌండ్లది చూడండి. టంగ్ వెయిట్ 375కి దిగుతుంది, ఒక్క దెబ్బకు 185 పౌండ్లు మిగిలాయి. జీఎక్స్, ఫోర్‌రన్నర్ రెండూ హాయిగా లాగుతాయి. రూబికాన్ కూడా పూర్తిగా రేసులోంచి పోదు.

ఫ్రిస్కో కుర్రాడు

మా ఆవిడ షరతు ఒకటే, లోపల బాత్రూమ్ ఉండాలి. 3,000 పౌండ్లలో బాత్రూమ్ ఉన్నవి ఉంటాయా?

సియాటిల్ సీత

ఉంటాయి, కానీ షవర్, టాయిలెట్ రెండూ ఒకే గదిలో ఉండే రకం. స్నానం చేస్తే కమోడ్ మీద కూడా నీళ్లే, తర్వాత అంతా తుడుచుకోవాలి. కొనేముందు ఆవిణ్ని లోపలికి పంపి, తలుపు వేసి, ఒకసారి అటూ ఇటూ తిరిగి చూడమనండి. బ్రోషర్‌లో రాసిన ఖాళీ బరువు నమ్మకండి, బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు, ట్యాంకులో నీళ్లు కలిస్తే ఎక్కడికో పోతుంది. గ్యాలన్ నీళ్లే 8 పౌండ్ల పైన.

టైరు బాబాయ్

తమ్ముడూ, 3,000 అయితే రూబికాన్ రేసులో ఉందని పంతులు గారే అన్నారు. ఆ ఫోటో మళ్లీ ఒకసారి పెట్టు, లాట్‌లో ఆ బండి ఏ రంగు?