రచయిత్రి మాలతీ చందూర్ సభ, శనివారం: మిగిలిన పనులు (హాల్ సంగతి చూడండి, అర్జెంట్)

వి., సోమవారం రాత్రి 9:10
రేపు సాయంత్రానికల్లా ఫ్లయర్ ప్రింటుకి వెళ్లాలి. ఇంకా స్లయిడ్లు, మైకు, బ్యానర్, 60 మందికి తినుబండారాలు ఉన్నాయి. ఫ్లయర్లో ఒక తప్పు దిద్దండి: 1992 సాహిత్య అకాడమీ అవార్డు ‘హృదయనేత్రి’ నవలకి. ‘ప్రమదావనం’ పత్రికలో శీర్షిక, నవల కాదు.

ప., 9:32
ఫ్లయర్ ఆపండి. హాల్ వాళ్ల మెయిల్ ఇప్పుడే చూశాను. ఇంట్లో వండినవి లోపలికి తేకూడదట. లైసెన్సున్న కేటరర్ అయితేనే సరేనట.

క., 9:35
అయ్యో! ఆవిడ రాసిన ‘వంటలు-పిండివంటలు’ పుస్తకం చూసి వండిపెడదామనే కదా అనుకున్నాం? మా అమ్మ కాపీలో అరిసెల పేజీ నూనె పీల్చి అద్దంలా అయిపోయింది. పక్కన పెన్సిల్‌తో “బెల్లం తగ్గించాలి” అని అమ్మ రాత.

ర., 9:41
కేటరర్ మనిషికి 14 డాలర్లు అంటున్నాడు. ఖాతాలో ఉన్నది 310. రూల్స్ చదవకుండా ఎలా బుక్ చేశారండీ?

ప., 9:44
ఆఫీసుకి సెలవు పెట్టి మూడు హాళ్లు తిరిగింది నేను. ఈసారి మీరే తిరగండి, తెలుస్తుంది.

ల., 9:58
ఇద్దరూ కాస్త ఆగండి నాయనా. ఆవిడంటే అరిసెలేనా? 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ మొదలుపెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపారు. పత్రిక రాగానే మా పిన్ని సీరియల్ కూడా వదిలేసి ముందు ఆ పేజీ తీసేది. ఇంట్లో నోరు విప్పలేనివి పాఠకులు ఉత్తరంలో రాసి పంపేవాళ్లు, ఆవిడ జవాబిచ్చేవారు.

స., 10:06
ల. పిన్నిగారూ, అయితే మనమూ అలాగే చేద్దాం. వచ్చినవాళ్లు పేరు లేకుండా ఒక ప్రశ్న చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు, మీరూ ఇంకో ఇద్దరూ జవాబు చెప్పండి. స్వాతి పత్రికలో ఆవిడ ‘పాత కెరటాలు’ పేరుతో ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేసేవారు కదా, అలా నేనో నవల పది నిమిషాల్లో చెప్తా. నిజం చెప్పాలంటే స్లయిడ్లు ఇంకా మొదలే పెట్టలేదు.

ర., 10:15
ప. అన్నయ్యా, ఇందాక నోరు జారాను, ఏమనుకోకండి. సభ అయ్యాక అందరూ మా గరాజుకి వచ్చేయండి, హాల్ నుంచి 5 నిమిషాలు. కార్లు బయట పెట్టేస్తా.

ప., 10:17
సరేలే. మడత కుర్చీలు నా వ్యాన్‌లో వేసుకొస్తా.

క., 10:18
అయితే గురువారం బియ్యం నానబోస్తున్నా. బెల్లం అమ్మ లెక్కే.

ల., 10:24
చీటీలకి మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఉంది, తెస్తాను. మొదటి చీటీ నాదే. ఎవరిదని అడక్కండి.