అపార్ట్‌మెంట్‌లో ఆయిల్ పెయింటింగ్: కుంచెలు ఎలా కడగాలి, నూనె గుడ్డలు ఏం చేయాలి?

డాలస్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ నెలలోనే ఇక్కడికి వచ్చాం. సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, చిన్న బాల్కనీ ఉంది. ఆయిల్ కలర్స్ మొదలుపెడదామనుకుంటున్నాను. కుంచెలు టర్పెంటైన్‌లో కడిగి, అది వంటింటి సింక్‌లో పారబోయొచ్చా? తుడిచిన గుడ్డలు ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి చెత్తలో వేస్తే సరిపోతుందా?

న్యూజెర్సీ నుంచి

రెండూ వద్దండి. ముందు గుడ్డల సంగతి చెప్తాను, అసలు ప్రమాదం అక్కడుంది.

ఆయిల్ కలర్ తడి ఆవిరైపోయి ఆరేది కాదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. కాన్వాస్ మీద పలచటి పొర కాబట్టి ఆ వేడి ఎప్పటికప్పుడు పోతుంది. అదే నూనె గుడ్డను ఉండచుట్టి పడేస్తే వేడి లోపలే ఉండిపోతుంది, వేడెక్కేకొద్దీ నూనె ఇంకా వేగంగా గట్టిపడుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, కొన్ని గంటల్లో దానంతటదే రాజుకోగలదు. తడి ఆరకుండా వేసిన గడ్డివామి లోపల కాగిపోవడం ఊళ్లో చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది.

ఇది పుస్తకాల్లో భయం కాదు. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం అంటుకున్నది 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డల వల్లే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 30వ అంతస్తులో స్ప్రింక్లర్లు (మంట వేడికి వాటంతటవే నీళ్లు చిమ్మేవి) ఉండబట్టి మంట అక్కడ ఆగింది.

పని అయిన వెంటనే, మర్నాటికి వాయిదా వేయకుండా, ప్రతి గుడ్డనీ, ప్రతి పేపర్ టవల్‌నీ విడివిడిగా విప్పి బాల్కనీలో నీడపట్టున ఒక్క పొరగా ఆరేయండి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. అట్టలా బిరుసెక్కేదాకా ఉంచండి. బాల్కనీలో ఏదీ ఆరేయకూడదని లీజులో ఉంటే, మూత బిగుతుగా పట్టే ఖాళీ లోహపు పెయింట్ డబ్బా హార్డ్‌వేర్ షాపులో కొనండి. గుడ్డలు పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి మూత వేయండి. డబ్బా నిండాక మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) నడిపే ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇచ్చేయండి. వెళ్లేటప్పుడు అడ్రస్ ఉన్న ఐడీ దగ్గర పెట్టుకోండి.

ఆ గుడ్డలు ఉతికి డ్రయర్‌లో మాత్రం వేయకండి. ఉతికినా నూనె పూర్తిగా వదలదు, దానికి డ్రయర్ వేడి తోడవుతుంది.

హ్యూస్టన్ నుంచి

కుంచెల గురించి నేను చెప్తాను. టర్పెంటైన్ మానేసి గామ్‌సాల్ లాంటి వాసన తక్కువ మినరల్ స్పిరిట్స్ (పెట్రోలియం నుంచి తీసే, రంగు కరిగించే ద్రవం) తీసుకోండి. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల సెల్సియస్‌కే నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మీ డాలస్ ఎండాకాలంలో అది మామూలు పగటి వేడి. గామ్‌సాల్‌కి ఆ హద్దు 62 దాకా ఉంటుంది. వాసన లేదంటే ఆవిరి లేదని కాదు, కిటికీ తెరిచే ఉంచండి.

సగం శుభ్రత పేపర్ టవల్‌తోనే అయిపోవాలి. కుచ్చు మొదలు నుంచి కొస వైపు నొక్కి లాగుతూ, రంగు అంటడం తగ్గేదాకా తుడవండి. తర్వాత రెండు గాజు సీసాలు: మొదటిదాంట్లో మురికి వదిలించాలి, రెండోదాంట్లో జాడించాలి. కుంచెను సీసాలో నిలబెట్టి వదిలేస్తే కొస వంగిపోతుంది. చివర గోరువెచ్చని నీళ్లు, సబ్బు, నురగ తెల్లగా వచ్చేదాకా. మరుగునీళ్లు వాడితే రేకు పట్టీలో వెంట్రుకలు పట్టుకుని ఉండే జిగురు వదులవుతుంది. కుంచెలు పాడయ్యేది ఎక్కువగా పట్టీ దగ్గర మిగిలిన రంగు వల్లే: అది గట్టిపడితే కుచ్చు విచ్చుకుపోతుంది, మళ్లీ కూడదు. అక్కడ వేళ్లతో నొక్కి చూడండి. కొస సరిచేసి, పడుకోబెట్టి ఆరనివ్వండి. నిలబెడితే నీళ్లు పట్టీలోకి దిగి కర్ర ఉబ్బుతుంది.

వాడిన స్పిరిట్స్ పారబోయక్కర్లేదు. మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకి దిగుతుంది. పైన తేరిన దాన్ని మళ్లీ వాడుకోండి. అడుగు మడ్డిని వేరే సీసాలో పోగుచేసి అదే కౌంటీ కేంద్రానికి ఇవ్వండి.

డాలస్ నుంచి మళ్లీ

చాలా థాంక్స్ అండీ. స్పిరిట్స్ అసలు లేకుండా వంటనూనెతో కడగొచ్చా?

హ్యూస్టన్ నుంచి

కడగొచ్చు, రంగు బాగానే వదులుతుంది. కానీ వేరుశనగ నూనె, కొబ్బరి నూనె ఆరవు. కుచ్చులో మిగిలితే తర్వాత వేసే రంగు కూడా జిడ్డుగానే ఉండిపోతుంది, అందుకే సబ్బుతో రెండు మూడుసార్లు కడగాలి. చాలామంది కుసుమ నూనె వాడతారు. అది ఆరే నూనె, రంగుకి హాని లేదు. కాకపోతే ఆ గుడ్డలకీ అవిసె నూనె గుడ్డల జాగ్రత్తే కావాలి.

న్యూజెర్సీ నుంచి

ఒకటి మిగిలింది. ట్యూబు మీద లెడ్, కాడ్మియం, కోబాల్ట్ (ఒంటికి హాని చేసే లోహాలు) అని ఉంటే కుంచెను అరచేతిలో రుద్దకండి, నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఆ కడుగుడు వంటింటి సింక్‌లో అసలు వద్దు.