కిటికీ వెలుగు కావాలా, మంచి లైట్లుంటే సరిపోతుందా?

మూడో వరుస:
మా ఆఫీసు వేరే ఫ్లోరుకి మారుతోంది. కొత్త ప్లాన్‌లో కిటికీల వెంబడి అంతా క్యాబిన్లు, మీటింగ్ రూములు. స్టాఫ్ అందరికీ మధ్యలో సీట్లు. అడిగితే "లైట్లు కొత్తవి, తేడా ఏమీ తెలీదు" అన్నారు. రెండేళ్ళుగా ఇలాంటి చోటే కూర్చుంటున్నాను. సాయంత్రం బయటికొచ్చి తడి నేల చూస్తే గానీ వాన పడిందని తెలీదు. మూడింటికల్లా తల దిమ్మెక్కుతుంది. ఇది నిజంగా వెలుగు లేకనేనా, లేక నాకలా అనిపిస్తోందా?

ఎండ సీటు:
కిటికీకి మనం లేని విలువ ఇస్తున్నామని నా అభిప్రాయం. 1924లో షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో వెలుతురు పెంచితే పని పెరుగుతుందేమోనని మూడేళ్ళ పాటు పరీక్షించారు. స్పష్టమైన సంబంధం ఏదీ తేలలేదు. నేను కిటికీ పక్కనే కూర్చుంటాను. పదకొండు దాటితే ఎండ తిన్నగా స్క్రీన్ మీదే. అక్షరాలు కనబడక తల పక్కకి వంచి చదవాలి, మెడ పట్టేస్తుంది. చివరికి బ్లైండ్ దించేస్తాను. ఒకసారి దించాక సాయంత్రం దాకా ఎవరూ ఎత్తరు. ఇక ఆ కిటికీ ఉన్నా లేనట్టే కదా?

రాత్రి డ్యూటీ:
ఎండ తగిలితే విటమిన్ డి కూడా వస్తుందండీ, అదొక్కటి చాలదా?

లైటింగ్ పని:
విటమిన్ డి సంగతి ముందు చెప్పేస్తాను. మూసిన కిటికీ పక్కన కూర్చుంటే అది రాదు. దాన్ని తయారుచేసే యూవీ-బి కిరణాలను మామూలు అద్దం దాదాపుగా ఆపేస్తుంది. దానికోసం బయటికి వెళ్ళాల్సిందే.

అసలు విషయం వేరు. హాథార్న్‌లో చూసింది పని ఎంత జరుగుతోందన్నది. పగటి వెలుగు చేసే మేలు ముఖ్యంగా ఒంట్లోని గడియారానికి. మన కంట్లో చూపుకి పనికొచ్చే కణాలతో పాటు, ఇది పగలా రాత్రా అని మెదడుకి చెప్పే కణాలు కొన్ని ఉన్నాయని 2002లో తేలింది. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకి బాగా స్పందిస్తుంది. ఆఫీసు టేబుల్ మీద మామూలుగా 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) ఉంటుంది. చదవడానికి, రాయడానికి అది చాలు. అదే మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట 10,000 లక్స్ దాకా ఉంటుంది. అంటే రోజంతా లోపలి వరుసలో కూర్చున్న మనిషికి పగలు సరిగ్గా పగల్లా అందదు. రాత్రి నిద్ర మీద ఆ ప్రభావం పడుతుంది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో కిటికీలున్న చోట పనిచేసేవాళ్ళు, లేనివాళ్ళ కంటే రాత్రికి సగటున 46 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు.

ఎండ సీటు:
ఎంతమందిని చూశారు? కిటికీ సీట్లు దొరికేది సీనియర్లకే. వాళ్ళ పని వేరు, టెన్షన్ వేరు. నిద్రలో తేడా దానివల్ల కావచ్చుగా?

లైటింగ్ పని:
49 మందే. మీ అనుమానం న్యాయమైనదే, ఆ ఒక్క అధ్యయనంతో తేలిపోయిందని నేనూ అనను. కానీ కంటి కణాల సంగతి దానిమీద ఆధారపడి లేదు. ఇక మీ మెడనొప్పి కిటికీ తప్పు కాదు, టేబుల్ వేసిన తీరు తప్పు. కిటికీ మీకు ఎదురుగానో వెనకో కాకుండా పక్కకి ఉండేలా టేబుల్ తిప్పించండి. స్క్రీన్ మీద మెరుపు చాలావరకు పోతుంది.

మూడో వరుస గారూ, మీ ప్లాన్ చూస్తే నాకు బాధగా ఉంది. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం వరకే పనికొచ్చే వెలుగు లోపలికి వస్తుంది. ఆ కాస్త మేరలో గోడలు కట్టి క్యాబిన్లు వేస్తే, వెలుగు ఒక్కరి దగ్గరే ఆగిపోతుంది. క్యాబిన్లు లోపలికి జరిపి ముందు అద్దం పెడితే క్యాబిన్లలో వాళ్ళకీ కొంత అందుతుంది. మీటింగ్ రూములో గంటసేపు ఉండి వెళ్ళిపోతారు, దానికి కిటికీ ఎందుకు? రోజంతా కూర్చునేవాళ్ళకి ఇవ్వాలి.

ఎండ సీటు:
టేబుల్ తిప్పి చూస్తాను. గోడల విషయంలో మాత్రం మీ మాటే నా మాట.

మూడో వరుస:
ఇవాళ టేపు పట్టుకుని కొత్త ఫ్లోరుకి వెళ్ళొచ్చాను. కిటికీ పైఅంచు 2.4 మీటర్ల ఎత్తులో ఉంది. మీ లెక్కన 3.6 నుంచి 4.8 మీటర్ల దాకా వెలుగు వస్తుంది. అందులో రెండు వరుసలు హాయిగా పడతాయి. క్యాబిన్లు లోపలికి జరిపి ప్లాన్ మళ్ళీ గీశాను, సోమవారం చూపిస్తాను. ఇలా అడిగి మార్పించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏం చెప్తే ఒప్పుకున్నారో రాయండి.